అక్క మోకాలి లోతు

సునామీ తరవాత బయటి ఊళ్ళ వాళ్ళు ఎవరు ఫోన్ చేసినా అల గురించే అడిగేవారు. ఎంత ఎత్తు వచ్చింది, ఎంత దూరం వచ్చింది అని. అండమాన్‌లో మా సిప్పీఘాట్ వైపు అల చేసినదానికంటే నేల చేసింది ఎక్కువ. ఆ ఆదివారం పొద్దున భూమి ఊగి ఆగేసరికి నేల కిందికి దిగిపోయి ఉంది. ఆ సంగతి ఆ రోజు ఎవరికీ తెలియదు. నీళ్ళు వచ్చాయి, అవే పోతాయిలే అనుకున్నాం. ఆటు వేళకి సగం పోయాయి. పోటు వేళకి మళ్ళీ వచ్చాయి. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. కొన్నాళ్ళు చూశాక అర్థమైంది, ఇవి వచ్చి పోయే నీళ్ళు కావని. వరిమళ్ళూ కూరగాయల తోటలూ సముద్రపు పాయలో కలిసిపోయాయి. కొబ్బరిచెట్లు నిలబడే చచ్చిపోయాయి. మట్టలు రాలిపోయి మొండేలు మిగిలాయి.

పోర్ట్ బ్లెయిర్ వెళ్ళే రోడ్డు ఆ మళ్ళ మధ్యనుంచే పోతుంది. మా ఇల్లు ఆ రోడ్డుకి అవతల, నా పని పట్నంలో. ఒక కాంట్రాక్టరు దగ్గర కొలతలు చూసేవాణ్ణి. తవ్విన మట్టి ఎంత, పోసిన కంకర ఎంత, గోడ ఎంతవరకు లేచింది, ఇవి చూసి రాసివ్వాలి. చదివింది ఎనిమిదో తరగతి. మిగతా లెక్క పనిలో పడి, తప్పులు చేస్తూ, చీవాట్లు తింటూ నేర్చుకున్నాను.

మా దగ్గర అమావాస్యకీ పౌర్ణమికీ పెద్ద పోటు వస్తుంది. అది పొద్దున తొమ్మిది, పది మధ్య. ఎప్పుడూ అదే వేళ. సునామీకి ముందు దాని సంగతి బెస్తవాళ్ళకి తప్ప ఎవరికీ పట్టేది కాదు. నేల దిగాక అది సరిగ్గా బడికీ ఆఫీసుకీ వెళ్ళే సమయానికి రోడ్డు మీదికి వచ్చి కూర్చునేది. బస్సు ఒడ్డున ఆగిపోయేది. జనం చెప్పులు చేత్తో పట్టుకుని నీళ్ళవైపు చూస్తూ నిలబడేవారు. పోటు ఎప్పుడు తీస్తుందో ఎవరికీ తెలియదు.

రేవులో పోటు వేళలు అచ్చువేసిన చిన్న పుస్తకం ఒకటి దొరికేది. అందులో వేళలు బాగానే సరిపోయేవి. ఎత్తులు మాత్రం మా రోడ్డుకి సరిపోవడం మానేశాయి. రోడ్డే దిగిపోయాక పుస్తకం ఏం చేస్తుంది? నేను కల్వర్టు పక్కన ఒక వెదురు పాతి, దాని మీద రంగుతో గీతలు పెట్టాను. పుస్తకంలో ఎత్తు ఇంత ఉన్నరోజు వెదురు మీద నీళ్ళు ఎంతవరకు వచ్చాయో చూసుకుంటూ పోయాను. రెండు నెలలకి తేడా చేతికి చిక్కింది. ఆ తరవాత రేపటి నీళ్ళు ఇవాళే చెప్పగలిగాను. మొదట బస్సులో పక్కవాళ్ళకి చెప్పేవాణ్ణి. వాళ్ళు ఇంకొకరికి చెప్పేవారు. కొన్నాళ్ళకి నాకు ముఖం తెలియనివాళ్ళు కూడా ఫోన్ చేసి అడగడం మొదలుపెట్టారు. నాకు అప్పట్లో ఫోన్ లేదు. ఆ ఫోన్లన్నీ మా తోడల్లుడి షాపుకి వచ్చేవి.

తోడల్లుడికి పట్నంలో పుస్తకాలూ పెన్నులూ అమ్మే షాపుంది. వెనకగదిలో రెండు కంప్యూటర్లు పెట్టి గంటకింత అని ఇంటర్నెట్టు ఇచ్చేవాడు. ఒకరోజు నేను షాపు మెట్టెక్కగానే మొదలుపెట్టాడు.

"అన్నయ్యా, పొద్దున్నుంచి ఒకటే ఫోన్లు. నేను సామాను అమ్మాలా, నీ పానీ ఖబరు చెప్పాలా? ఇలా రా, ఇందులో రాసి పడెయ్. ఎవడికి కావాలంటే వాడే చూసుకుంటాడు."

అలా బ్లాగు మొదలైంది. దానికి 'సిప్పీఘాట్ నీళ్ళు' అని పేరు పెట్టాడు. ఇంకేమన్నా మంచి పేరు పెట్టవచ్చేమో అన్నాను. "నీళ్ళు కాకుండా నీ దగ్గర ఇంకేముంది?" అన్నాడు.

తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాసేవాళ్ళం. మధ్యమధ్య హిందీ. ఇక్కడ పుట్టిన పిల్లలకి తెలుగు మాట్లాడడం వచ్చు, చదవడం సరిగా రాదు. తెలుగు చదవగలిగిన పెద్దవాళ్ళకి కంప్యూటరు రాదు. అందుకని అదే కబురుని తోడల్లుడు తెలుగులో పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి షాపు తలుపుకి అంటించేవాడు. ఇంటర్నెట్టు అప్పుడు ఉపగ్రహం మీంచి వచ్చేది. గట్టిగా వాన పడితే అదీ రాదు. పేజీ తెరుచుకునేలోగా టీ తాగి రావచ్చు. ఫొటోలు పెట్టే మాటే లేదు. రోజుకి మూడు నాలుగు వాక్యాలు. ఇన్ని గంటలకి నీళ్ళు ఎక్కుతాయి, ఇంత లోతు, ఇన్ని గంటలకి దిగుతాయి. అంతే.

ఆ లోతు దగ్గరే గొడవ వచ్చింది. అంగుళాల్లో రాస్తే ఎవరికీ అర్థం కాదని మనిషి కొలతల్లో రాశాను. చీలమండ, పిక్క, మోకాలు, తొడ. ఒకరోజు 'మోకాలి లోతు, నడిచి వెళ్ళొచ్చు' అని పెట్టాను. సాయంత్రానికి కింద జనం రాసినవి చదివితే తల తిరిగింది. రంగత్ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కి బస్సు నడిపే డ్రైవరు ఒకాయన రాశాడు. రంగత్‌లోనే పుట్టి పెరిగిన తెలుగువాడు. "భయ్యా, మోకాలు అన్నారు. నాకు పిక్క కూడా తడవలేదు. ఖాళీగా గంట ఆపాను బస్సు. ఆప్ కా మోకాలు ఎక్కడుంది?" దాని కిందే ఒక గుమాస్తావిడ: "నాకు తొడల దాకా తడిసింది. చీర మార్చుకోడానికి మళ్ళీ ఇంటికెళ్ళాను. సగం రోజు సెలవు పోయింది. అన్నగారూ, మీరు పొడుగా?"

ఎవరి మోకాలు అన్నది తేలాలి. ఆ నీళ్ళలో రోజూ, పోటున్నా ఆటున్నా, నడిచే మనిషి మాకు ఒక్కతే కనబడింది. చేపల బుట్ట నెత్తిన పెట్టుకుని పట్నంనుంచి సిప్పీఘాట్ దాటి వచ్చే అక్క.

అక్కది శ్రీకాకుళం వైపు బెస్త కుటుంబం. పెళ్ళయి ఇక్కడికి వచ్చాక భర్తతో కలిసి మడి చేసింది. ఆయన సునామీకి ముందే జబ్బుచేసి పోయాడు. ఒక్కతే కూతురు, వైజాగులో కాపురం. రెండు ఎకరాల మడి, గట్టు మీద వంగ, బెండ, మిట్ట మీద చెక్కల ఇల్లు. మిట్ట కాబట్టి ఇల్లు మిగిలింది, మడి సముద్రమైంది. దాంతో పుట్టింటి పని మళ్ళీ నెత్తికెక్కించుకుంది. పొద్దున్నే రేవులో చేపలు కొని మా వైపు ఇళ్ళకి అమ్మేది.

నేను కొలతబద్ద తీసుకెళ్ళి కల్వర్టు దగ్గర అడిగితే బుట్ట దింపి నవ్వింది.

"ఏటి తమ్ముడూ, నా మోకాలు గవర్నమెంటు సామానైపోయిందేటి?"

"నీళ్ళు చెప్పడానికక్కా. అందరికీ ఒక్క లెక్క ఉండాలి కదా."

"కొలుసుకో మరి. మీ ఆవిడకి సెప్పే వొచ్చేవా?"

ఆ మోకాలి ఎత్తుకి వెదురు మీద ఎర్రగీత గీశాను. అప్పటినుంచి రాసేది అలాగే. 'రేపు అక్క మోకాలు. ఎల్లుండి అక్క మోకాలికి బెత్తెడు పైన.' ఎవరికి వాళ్ళు సర్దుకున్నారు. డ్రైవరు తనకి అక్క మోకాలంటే పిక్క అని గుర్తుపెట్టుకున్నాడు. గుమాస్తావిడ అక్క మోకాలని కనబడితే చీర సంచిలో వేసుకుని బయల్దేరేది.

ఆ తరవాత నీళ్ళ కబురు కిందే మిగతా కబుర్లూ చేరడం మొదలైంది. ఓడ టిక్కెట్టు ఒకటి మిగిలింది, ఎవరికైనా కావాలా అని ఒకరు. ఆస్పత్రిలో రక్తం కావాలి, ఈ గ్రూపు అని ఒకరు. గృహప్రవేశానికి తెలుగు మంత్రాలు చెప్పే అయ్యగారు ఎక్కడ దొరుకుతారని ఒకరు. గోంగూర ఎవరింట్లో ఉందో అడిగితే ఒక్కరోజులో నాలుగు ఇళ్ళు తేలాయి. వైజాగులో చదువుకునే మా పిల్లలు పొద్దున్నే అది తెరిచి, ఇవాళ అక్క మోకాలు ఎంత అని చూసేవారట. వాళ్ళకి ఆ రోడ్డు దాటే పని లేదు. ఊరికే చూసేవారు.

బయటినుంచి చూస్తే బాగానే ఉండేది. రాసేవాడికి మాత్రం సెలవు లేదు. పొద్దున వెదురు చూడాలి, పనికి వెళ్ళాలి, సాయంత్రం షాపుకి వెళ్ళాలి, పేజీ తెరుచుకునేదాకా కూర్చోవాలి. ఒంట్లో బాగోకపోయినా నీళ్ళు ఆగవు కదా. రెండోసారి వెదురు మార్చాల్సి వచ్చినప్పుడు బురదలో నిలబడి, ఇంక చాలనుకున్నాను. అనుకుంటూనే గీతలు పెట్టాను.

వెదురు బురదలో కూరుకుపోతుందేమో అన్న అనుమానం నాకు మొదటినుంచీ ఉంది. వెదురు దిగితే నా లెక్క తప్పుతుంది. అందుకని రెండో ఏడాదే చదివేవాళ్ళని అడిగాను, మీ మీ జెట్టీల కాంక్రీటు మీద పెద్ద పోటు గీత ఒకటి రంగుతో గీసి పెట్టండి, ఏటేటా చూసి చెప్పండి అని. చాలామంది గీశారు. గుర్తుపెట్టుకుని చూసినవాళ్ళు కొద్దిమంది. వాళ్ళలో రంగత్ డ్రైవరొకడు, పోర్ట్ బ్లెయిర్ రేవులో డుంగీ నడిపే బెస్త ఒకడు. డుంగీ అంటే ఇంజను బిగించిన చిన్న పడవ. ఆ డుంగీవాడు అక్కకి పుట్టింటి ఊరివాడు, బావ వరస. తనకి రాయడం రాదు. షాపుకి వచ్చి తోడల్లుడి చేత రాయించేవాడు.

నాలుగో ఏడాది రెవెన్యూ ఆఫీసునుంచి కబురు వచ్చింది. మునిగిన భూమి ఉన్నవాళ్ళు అది వదులుకుంటే వేరేచోట, కొండవాలున, ఇంటి స్థలం ఇస్తారట. ఆ నెలాఖరులోగా ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే పాత భూమి మీద హక్కు ఉండదు. ఒప్పుకోకపోతే ఇప్పుడిచ్చే స్థలం ఉండదు.

మిగతావాళ్ళలో చాలామంది ఒప్పుకున్నారు. అక్క ఒప్పుకోలేదు. ఆవిడ బాధ తేలిగ్గా తీసిపారేసేది కాదు. పెద్ద పోటుకి నీళ్ళు గడప దాకా వచ్చేవి. వానాకాలంలో గడప దాటి పొయ్యి ఆర్పేవి. ఆ ఇంట్లో ఇంకెన్నో ఏళ్ళు ఉండలేదు. కానీ ఇచ్చేది ఇల్లు కట్టుకునేంత జాగా. వదిలేది రెండెకరాల మడి. ఇవాళ వదిలేసి, రేపు నీళ్ళు దిగిపోయి మడి బయటపడితే?

ఆ ప్రశ్నని నేను బ్లాగులో పెట్టాను. ఎవరి గీత దగ్గర నీళ్ళు ఎంత మారాయో చెప్పండి, అక్కకి కావాలి అని.

ముందు డ్రైవరు రాశాడు. పైన ఉత్తరాన, తను బస్సు తీసుకెళ్ళే వైపు, నేల దిగలేదట, లేచిందట. పోటు వేళకి కూడా పగడపు రాళ్ళు బయటే ఉంటున్నాయట. 'దీదీకి చెప్పండి భయ్యా, అక్కడ లేచింది అంటే ఇక్కడ భీ లేస్తుంది.' దాని మీద డుంగీవాడు షాపులో నిలబడి ఒక మాట చెప్పి రాయించాడు. తోడల్లుడు దాన్ని అలాగే పెట్టాడు.

"ఈ దీవంతా ఒక డుంగీ. అటేపు లేసింది, ఇటేపు మునిగింది. వొంగిన డుంగీ వొంగినట్టే ఉండిపోతాదేటి? సర్దుకుంటాది. కొంచెం ఓపిక పట్టాలి అంతే."

ఆ మాట నిప్పులా అంటుకుంది. పడవల మీద బతికే జనానికి అంతకంటే నమ్మకమైన మాట ఏముంటుంది? ఓడ ఒరగడం, మళ్ళీ లేవడం చూడనివాడు మా దగ్గర ఎవడూ లేడు. రోజుకి పది మంది రాసేవారు. అక్కా వదలొద్దు. దీదీ, రుకో. సర్దుకుంటుంది. చెన్నైలో ఉన్నవాళ్ళూ రాశారు, ఓడ మీద పనిచేసేవాళ్ళూ రాశారు. అక్క రోజూ అమ్మకం అయ్యాక ఖాళీ బుట్టతో వచ్చి షాపు మెట్టు మీద కూర్చునేది. తోడల్లుడు ఒక్కొక్కటీ చదివి వినిపించేవాడు. ఆవిడ ప్రతిదానికీ తల ఊపేది. ఆవిడ ముఖం అంత తేటగా ఉండడం నేను ఆ నాలుగేళ్ళలో చూడలేదు.

డ్రైవరు గీతా, డుంగీవాడి గీతా, నా వెదురూ పక్కపక్కన పెట్టి చూశాను. డ్రైవరు తన గీత దగ్గర తేడాని వేళ్ళలో చెప్పాడు. ఆయన వేళ్ళు లావేమోనని దారం ముక్కతో మళ్ళీ కొలిపించాను. రంగత్ లెక్క మనకి పనికిరాదు, అక్కడి నేల కథ వేరు. డుంగీవాడి గీత, నా వెదురు మాత్రం ఒక్క మాటే చెప్పాయి. నీళ్ళు దిగుతున్న మాట నిజం. దిగడం ఎంతన్నదే సంగతి.

"ఏటి తమ్ముడూ, అందరూ ఒకటే సెప్తన్నారు. నువ్వేటి మాటాడవు?" అంది అక్క ఒక సాయంత్రం.

"నేను కొలిచింది కొంచెం వేరేగా ఉందక్కా."

"వేరేగా అంటే? దిగట్లేదా?"

"దిగుతోంది."

"మరింకేటి!" అని తోడల్లుడివైపు చూసి నవ్వింది.

"నీ మడి గట్టు పోటు వేళకి కూడా బయటుండాలంటే మూరన్నర దిగాలి. ఏడాదికి అర వేలు దిగుతోంది. అదైనా మొదట్లో ఉన్నంత జోరు ఇప్పుడు లేదు."

మూరకి ఇరవై నాలుగు వేళ్ళని ఆవిడకి నేను చెప్పక్కర్లేదు. వలలు కట్టే ఇంట్లో పుట్టిన మనిషి. బొటనవేలితో కణుపులు లెక్కపెట్టుకుంటూ కూర్చుంది. తోడల్లుడు కంప్యూటరు ముందునుంచి లేచి వచ్చాడు.

"ముప్పై ఆరు వేళ్ళు," అంది. "ఏడాదికి అర. డెబ్బై రెండా?"

"అలా ఉంది."

"అరే, ఏం మనిషివి అన్నయ్యా," అన్నాడు తోడల్లుడు. "కొంచెం తగ్గించి చెప్పకూడదూ?"

"తగ్గించడానికి ఆడేటి సేపలమ్ముతన్నాడా?" అంది అక్క. నవ్వలేదు. "డెబ్బై రెండేళ్ళకి ఆ మడిలో నన్నే నాటీసుంటారు."

బుట్ట తీసుకుని వెళ్ళిపోయింది. మర్నాడు షాపుకి రాలేదు. మా ఇంటివైపు చేపలు తెచ్చింది కానీ మా గుమ్మం ముందు ఆగలేదు.

తోడల్లుడు ఊరుకోకుండా జరిగింది బ్లాగులో పెట్టాడు. జనానికి కోపం నా మీద వచ్చింది. లెక్కలవాడికి మనసు ఉండదని ఒకరు. నీ వెదురు నువ్వే ఉంచుకో అని ఒకరు. డ్రైవరు మర్యాదస్తుడు. 'భయ్యా, మీ హిసాబ్ సహీ అయ్యుంటుంది. కానీ దీదీకి ఉన్న ఉమ్మీద్ ఎందుకు తీసేశారు?' అని రాశాడు. నాకు తెలిసింది చెప్పకుండా ఉంచితే నెలాఖరు దాటిపోతుంది. నెలాఖరు దాటాక ఉమ్మీద్, ఆ ఆశ ఒక్కటే మిగులుతుంది, కింద నేల ఉండదు. ఇది రాయబోయి ఆపేశాను. రాసినా గొడవ పెరగడమే. ఆ రోజు నీళ్ళ కబురు కూడా పెట్టకుండా ఇంటికి వచ్చి పడుకున్నాను. మర్నాడూ వెళ్ళలేదు.

"నువ్వు మానేస్తే నీళ్ళు మానేస్తాయా?" అంది మా ఆవిడ, కంచం ముందు పెడుతూ. "ఆ గుమాస్తావిడ పొద్దున తడుచుకుంటూ మనింటికే వచ్చి తిట్టిపోసింది. నీ మీద కోపం అక్కకి కదా, ఆవిడకేం?"

మళ్ళీ వెళ్ళాను. ఏమీ జరగనట్టు, వేళలూ లోతూ రాసి పెట్టాను. చేతులకి కూడా విసుగొస్తుందని ఆ రోజు తెలిసింది.

గడువుకి ఇంక రెండు రోజులు ఉందనగా అక్క మా ఇంటికి వచ్చింది. బుట్ట లేదు. ఉతికిన చీర కట్టుకుంది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"తమ్ముడూ, నీ లెక్క తప్పయ్యే దారి ఉందా?"

"ఉందక్కా. మళ్ళీ భూమి ఊగితే ఏమవుతుందో నా లెక్కలో లేదు. పైకి రావచ్చు. ఇంకా దిగనూవచ్చు."

"రెండోది జరిగితే ఇల్లు కూడా పోద్ది."

"పోతుంది."

"మా ఆయన ఈ మడికోసం అడివి కొట్టాడు," అంది. "జొరాలతో కొట్టాడు. ఆ మనిషికి ఏటి సెప్పాలో తెలక ఇన్నాళ్ళూ ఊరుకున్నాను. నువ్వు సెప్పిందీ ఆళ్ళు రాసిందీ సూసి కాదు." అని, "రేపు ఆఫీసుకి తోడు రా," అంది.

ఆఫీసులో పని తొందరగానే అయింది. సంతకం పెట్టే ముందు అక్క గుమాస్తాని ఒక్కటే అడిగింది. ఇల్లు కట్టిన చెక్కలూ రేకులూ తనవేనా, అవీ వదిలెయ్యాలా అని. అవి మీవే, తీసుకెళ్ళవచ్చు అన్నాడాయన. సంతకం పెట్టింది.

బయటికి వచ్చాక చెట్టు కింద ఆగి అడిగింది. "ఎప్పుడూ నీళ్ళు లేని టైము సెప్తావు కదా. ఈపాలి నీళ్ళు బాగా ఎక్కువున్న టైము సెప్పు."

నాకు వెంటనే తట్టలేదు. ఇంటినుంచి రోడ్డు దాకా ఉన్న దారి ఆటు వేళకి తొడల దాకా దిగబడే బురద. దూలాలూ రేకులూ దాని మీంచి మోయడం మనుషుల వల్ల కాదు. పోటు నిండుగా ఉన్నప్పుడైతే డుంగీ ఇంటి గడప దాకా వస్తుంది. మడి మీంచే ఇల్లు తీసుకెళ్ళిపోవచ్చు.

వచ్చే అమావాస్య పోటు అన్నిటికంటే పెద్దది. ఆ వేళ చెప్పాను. బ్లాగులో కూడా అంతే పెట్టాను. 'ఆ రోజు పదింటికి అక్క ఇల్లు కదులుతుంది. చెయ్యి వేసేవాళ్ళు రావచ్చు.' కింద ఎవరూ ఏమీ రాయలేదు. కోపం తగ్గలేదేమో అనుకున్నాను.

ముందురోజు నేనూ, తోడల్లుడూ, డుంగీవాడూ కలిసి రేకులు విప్పి, చెక్కలు ఊడదీసి మిట్ట మీద పేర్చాం. అక్క మేకులన్నీ ఏరి డబ్బాలో వేసింది. అమావాస్యరోజు పొద్దున చూస్తే రోడ్డు మీద జనం ఉన్నారు. తొడల దాకా లుంగీ ఎగగట్టిన ఒక పొడుగాటి మనిషి నా దగ్గరికి వచ్చి, "భయ్యా, మైఁ రంగత్ బస్," అన్నాడు. సెలవు పెట్టి వచ్చాడు. చీర సంచి పట్టుకున్న గుమాస్తావిడని మాత్రం నేనే గుర్తుపట్టాను. ఇంకో ఎనిమిదీ పదిమంది. ఒకళ్ళకొకళ్ళు రాతల్లో తప్ప తెలియరు. నువ్వు గోంగూర కదూ అంటే, నువ్వు రక్తం గ్రూపా అనుకుంటూ కలిశారు. నాతో ఎవరూ లెక్కల గొడవ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. దూలాలు బరువుగా ఉన్నాయి, ఎండ ఎక్కువగా ఉంది, మాటలకి ఓపిక లేదు.

డుంగీ మూడుసార్లు తిరిగింది. చివరి విడతలో అక్క ముందువైపు చెక్కల మీద కూర్చుంది. నేను వెనకాల వెదురుగడ పట్టుకున్నాను. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. కింద ఏమీ కనబడదు. ఆవిడకి మాత్రం అంతా కనబడుతున్నట్టే ఉంది.

"కుడికి తిప్పు బావా. అక్కడ నుయ్యి గట్టుంది. ఇంకా కుడికి."

"నీకెలా తెలుస్తంది, అంతా నీళ్ళే కదా?" అన్నాడు డుంగీవాడు.

"నువ్వు సముద్రంలో సేపలెలా పట్టుకుంటావు? మాటాడకుండా తిప్పు."

కొంతదూరం పోయాక అతను ఉండబట్టలేక మళ్ళీ అన్నాడు. "సర్దుకుంటాదిలే. నాను సెప్పేను కదా, డుంగీ..."

"సర్దుకున్నాక కబురు పంపు. వొచ్చి నాటతాను. ముందు ఆ ఇంజను ఎత్తు, గట్టు తగులుతాది."

అతను ఇంజను ఆపి పైకెత్తాడు. నేను గడతో నెట్టాను. అడుగున గరగరమంది. పడవ ఒక్క క్షణం నిలబడిపోయింది. అక్క పక్కకి వంగి నీళ్ళలో చెయ్యి పెట్టింది. భుజం దాకా పెట్టి, కింద తడిమింది.

"గట్టిగానే ఏసేడు మా ఆయన," అంది. చెయ్యి తీసి చీరకి తుడుచుకుంది. "నెట్టు తమ్ముడూ."

నెట్టాను. పడవ గట్టు దాటింది.

మునిగే ముక్క దాటాక రోడ్డు ఎత్తయ్యే చోట లారీ నిలబెట్టాం. సామాను ఎక్కించేసరికి అందరి చొక్కాలూ ఒంటికి అతుక్కుపోయాయి. అక్క తెల్లవారుజామునే, పొయ్యి తీసేసే ముందు, పెద్ద గిన్నెడు అన్నం, చేపల పులుసు వండి ఉంచింది. రోడ్డు పక్కన కూర్చోబెట్టి అరిటాకు ముక్కల్లో వడ్డించింది. రంగత్ డ్రైవరు రెండోసారి అడిగి వేయించుకున్నాడు. తిని, చేతులు కడుక్కుని, మధ్యాహ్నం ఆఫీసున్నవాళ్ళు నీళ్ళు దిగుతూనే బయల్దేరారు.

అక్క గిన్నె తోమడానికి నీళ్ళ అంచుకి దిగింది. సబ్బు రుద్దింది. ఉప్పునీళ్ళలో నురగ రాలేదు. ఇంకోసారి రుద్దింది. జిడ్డు అలాగే ఉంది. గిన్నె బోర్లించి నీళ్ళు కారనిచ్చి, లారీలోకి అందించింది.

"అక్కడ కడుక్కుంటాను. కొళాయి ఉందన్నారు కదా?"

"ఉందక్కా. మొన్న వెళ్ళి చూశాను. రోజు విడిచి రోజు వస్తుంది."

"ఏ రోజు?"

"అది అడగలేదు."

"అడుగు. అడిగి అది కూడా నీదాన్లో రాయి," అంది, లారీ డ్రైవరు పక్కకి ఎక్కుతూ. "అక్కడా మనుషులే కదా ఉండేది."

లారీ కదిలాక వెదురు దగ్గరికి వెళ్ళాను. నీళ్ళు ఇంకా దిగుతున్నాయి. ఆ రోజు కబురు ఇంకా పెట్టలేదు.